ఇంటి ముందు పూలచెట్టు: వేళ్లు పక్కలకు పారేలా నాటడం ఎలా?

వానలు మొదలవగానే ఒకే రకం ప్రశ్నలు వరసగా వస్తాయి. "తబేబుయా పెట్టి మూడేళ్లయింది, తెచ్చినప్పుడు ఎంతుందో ఇప్పుడూ అంతే ఉంది, ఏం ఎరువు వేయమంటారు?" "తురాయి పెట్టాలని ఉంది, ప్రహరీ గోడ పగులుతుందేమోనని టెన్షన్." "మొన్నటి గాలివానకి చెట్టు మొదలంటా పడిపోయింది, చూస్తే ఒక పక్క వేళ్లే లేవు, ఎందుకని?" మూడింటికీ జవాబు నేల కిందే ఉంది. చాలాసార్లు అది నాటిన రోజే ఖాయమైపోయి ఉంటుంది. అందుకే నర్సరీలో మొక్కని ఎంచుకోవడం దగ్గర్నుంచి, ఏడాది తర్వాత మట్టి తీసి వేళ్లు చూసుకోవడం దాకా వరసగా రాస్తున్నాను. ఇదంతా నీడకీ, పూలకీ, అందానికీ పెంచే చెట్ల గురించి. పండ్ల తోటల లెక్కలు వేరు.

ముందుగా ఇంత తెలిస్తే చాలు

బడిలో అందరం గీసిన బొమ్మలో పైన కొమ్మలు ఎంత ఉంటే కింద తల్లివేరు అంత లోతుకి దిగి ఉంటుంది. ఇంటి ముందు చెట్టు విషయంలో ఆ బొమ్మ మర్చిపోండి. వేళ్లకి నీళ్లతో పాటు గాలి కూడా కావాలి. గాలి ఆడేది పై మట్టిలోనే. అందుకే చెట్టు వేళ్లలో ఎక్కువ భాగం పైన ఒకటిన్నర, రెండు అడుగుల్లోనే ఉంటాయి. నీరు, పోషకాలు పీల్చే సన్నటి పీచువేళ్లైతే ఇంకా పైన, మొదటి అడుగు లోపే. లోతుకి బదులు అవి వెడల్పుకి పోతాయి. కొమ్మల నీడ ఎంతవరకు పడుతుందో దానికి రెండింతలు, ఒక్కోసారి మూడింతల దూరం కూడా.

ఇంకొక సంగతి. మొదలు దగ్గర చేతి మందాన నాలుగైదు నుంచి పదీ పన్నెండు దాకా పెద్ద వేళ్లు అన్ని వైపులకీ బయల్దేరతాయి. మూడు నుంచి ఆరడుగుల లోపే అవి సన్నబడి తాడు మందానికి వచ్చేస్తాయి. చెట్టుని గాలికి నిలబెట్టేది ముఖ్యంగా మొదలు దగ్గరి ఆ లావు భాగమే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వెళ్లిపోయాక విశాఖ రోడ్ల మీద పడి ఉన్న చెట్లని చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. వేళ్లూ మట్టీ కలిసి పల్చటి పెద్ద పళ్లెంలా లేచి నిలబడ్డాయి.

నర్సరీ మొక్కకి తల్లివేరు మీద ఆశ పెట్టుకోవద్దు. సంచి అడుగు తగలగానే అది వంకర తిరుగుతుంది, లేదా సంచి మార్చేటప్పుడు తెగుతుంది. కొమ్మ నాటి పెంచిన దేవగన్నేరు, ఫైకస్ (మర్రి జాతి చెట్లు) లాంటివాటికి అసలు తల్లివేరే ఉండదు. కాబట్టి మన పనల్లా పక్కవేళ్లు అన్ని దిక్కులకీ తిన్నగా పోయేలా చూడటం.

కావాల్సినవి

- గునపం, పార, చేతిలో పట్టుకునే చిన్న బొరిగె
- పదునైన సికేచర్ (కొమ్మలు కత్తిరించే కత్తెర), చిన్న మడత రంపం
- నాలుగైదు అడుగుల తిన్నటి కర్ర (మట్టం చూడటానికి)
- బకెట్, నీళ్ల పైపు
- బాగా మాగిన పశువుల ఎరువు గానీ వర్మీకంపోస్టు గానీ రెండు తట్టలు
- ఎండుటాకులు, కొబ్బరి పీచు, లేదా ముక్కలు చేసిన ఎండు కొమ్మలు రెండు గోనె సంచుల నిండా
- వెదురు కర్రలు రెండు, పాత సైకిల్ ట్యూబు ముక్కలు

డీఏపీ, యూరియా, "వేళ్లు త్వరగా రావడానికి" అని షాపులో అంటగట్టే పొడులు ఈ జాబితాలో లేవు. మర్చిపోయి వదిలేసినవి కావు. కొత్తగా నాటిన మొక్క వేళ్ల పక్కన ఘాటు ఎరువు పడితే ఉన్న పీచువేళ్లు కూడా మాడిపోతాయి.

1. ముందు చోటు కొలవండి, తర్వాతే చెట్టు పేరు

చాలామంది పూలు చూసి చెట్టు కొనేసి, తెచ్చాక చోటు వెతుకుతారు. తిరగేయండి. టేపు పట్టుకుని గోడ, సెప్టిక్ ట్యాంకు, సంపు, డ్రైనేజీ పైపు, గేటు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసుకోండి. నేను పాటించే దూరాలివి:

- గోడకి ఐదారడుగులు దొరికితే: దేవగన్నేరు, పారిజాతం, నందివర్ధనం.
- పది, పన్నెండు అడుగులు ఉంటే: పొగడ, రేల, తబేబుయా.
- పాతిక, ముప్ఫై అడుగులు ఉంటేనే: తురాయి, పచ్చ తురాయి అని పిలిచే పెల్టోఫోరం, నిద్రగన్నేరు.
- ఇళ్ల స్థలంలో వద్దే వద్దు: రావి, మర్రి, పెద్దగా పెరగనిచ్చే ఏ ఫైకస్ అయినా.

నల్లరేగడి నేలైతే ప్రతి అంకెకీ మరో మూడో వంతు కలపండి. ఎందుకో గోడల దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను.

ఆకాశమల్లి పూలు ఎంత బాగున్నా చిన్న స్థలానికి తగదు. దాని వేళ్ల నుంచి అక్కడక్కడా పిలకలు లేస్తుంటాయి. త్వరగా పచ్చటి తెర కావాలని కోనోకార్పస్ పెట్టుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. దాని వేళ్లు పైపుల్లోకి చొరబడతాయనీ, పుప్పొడితో ఎలర్జీలు వస్తాయనీ ఫిర్యాదులు వచ్చాక 2023లో గుజరాత్ ప్రభుత్వం దాన్ని నాటకుండా నిషేధించింది. ఉచితంగా ఇచ్చినా వద్దనండి.

మరీ ఇరుకైతే రాయల్ పామ్, ఫాక్స్‌టెయిల్ పామ్ లాంటి తాటి జాతివి చూడండి. వాటి వేళ్లు మామూలు చెట్ల వేళ్లలా ఏటేటా లావెక్కవు. అందుకే గోడకి బెడద తక్కువ. నీడ మాత్రం ఆశించకండి.

2. నీళ్లు ఇంకుతున్నాయో లేదో చూడండి

అనుకున్న చోట అడుగు లోతు, అడుగు వెడల్పు గుంట తీయండి. నిండా నీళ్లు పోసి, పూర్తిగా ఇంకిపోనివ్వండి. మళ్లీ నింపి, ఈసారి కర్ర గుచ్చి గంటకి ఎంత దిగిందో చూడండి. అంగుళం, ఆపైన దిగితే పర్వాలేదు. అంతకన్నా తక్కువైతే వేళ్లకి గాలి అందదు. మర్నాటికీ నీళ్లు నిలిచే ఉంటే ఆ మట్టంలో నాటకండి. అలాంటి చోట ఆరేడు అడుగుల వెడల్పున, అడుగు ఎత్తున మట్టి దిబ్బ పోసి దాని మీద నాటాలి.

కొత్త ఇల్లైతే ఈ గుంటలో ఇంకోటి కూడా తెలుస్తుంది. సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలు, పాడైన సున్నం బయటపడతాయి. పై రెండడుగుల వరకూ అదంతా ఏరి పారేయాల్సిందే. హైదరాబాద్ కాలనీల్లో చాలాచోట్ల అడుగు కింద మొరం, ఇంకా కిందికి పోతే బండ తగులుతుంది. మొరం అయితే పని చేయొచ్చు. రెండడుగుల లోపే బండ తగిలితే చోటు మార్చండి.

3. నర్సరీలో ఆకులు కాదు, అడుగు చూడండి

ఎత్తు చూసి మోసపోవద్దు. ఎక్కువ మంది చేసే తప్పిదే. చిన్న సంచిలో ఎనిమిదడుగుల మొక్క ఉందంటే అది ఎన్నో నెలల కిందటే సంచి దాటిపోవాల్సిన మొక్క. లోపల వేళ్లు గుండ్రంగా తిరిగి, ఒకదాన్నొకటి చుట్టుకుని ఉంటాయి. నాలుగైదు అడుగుల ఎత్తుండి, కాండం బొటనవేలి మందాన ఉండి, కర్ర సాయం లేకుండా తనంతట తాను నిలబడే మొక్కని తీసుకోండి. రెండు మూడేళ్లలో అది పక్కనున్న పొడుగు మొక్కని దాటేస్తుంది.

అక్కడే నిలబడి ఇవి చూసుకోండి.

కాండం పట్టుకుని మెల్లగా అటూ ఇటూ ఊపండి. కాండమూ మట్టిగడ్డా కలిసి కదిలితే మంచిది. గడ్డ కదలకుండా కాండం ఒక్కటే మట్టిలో ఆడుతుంటే వేళ్లు పట్టలేదని అర్థం, ఈ మధ్యే సంచి మార్చి ఉంటారు. సంచి కన్నాల్లోంచి పెన్సిల్ మందం వేళ్లు బయటికొచ్చి నేలలోకి దిగి ఉంటే వదిలేయండి. లాగితే అవి తెగుతాయి, మొక్కకి మిగిలేవి చుట్టుకున్న వేళ్లే. వీలైతే ఒక మొక్క సంచి చీల్చి చూపించమనండి. పది మొక్కలు కొంటున్నప్పుడు ఒకటి చీల్చమంటే కాదనే నర్సరీవాళ్లు తక్కువ. కాదంటే అదీ ఒక సమాచారమే.

కడియం వైపు నుంచి లారీల్లో వచ్చే మొక్కల్లో చాలావాటికి వేళ్ల చుట్టూ జిగురు బంకమట్టి గడ్డ ఉంటుంది. ప్రయాణానికి అది మంచిదే, గడ్డ విరగదు. నాటాకే అసలు చిక్కు. తెలంగాణ ఎర్రనేలలోనో మొరంలోనో ఆ గడ్డని అలాగే పెడితే, ఎండకి గడ్డ ఎండి బిగుసుకుంటుంది. పోసిన నీళ్లు గడ్డలోకి దిగకుండా చుట్టూ ఉన్న వదులు మట్టిలోంచి జారిపోతాయి. పాదు తడిగానే కనిపిస్తుంది, మొక్క ఎండిపోతుంది. దీనికి మందు 5వ మెట్టులో ఉంది.

4. గొయ్యి: లోతు తగ్గించండి, వెడల్పు పెంచండి

మూడడుగుల లోతు గొయ్యి తీసి, అడుగున ఎరువు నింపి, దాని మీద మొక్క పెట్టడం మన దగ్గర బాగా పాతుకుపోయిన అలవాటు. ఇక్కడ పెద్దవాళ్లతో, తోటమాలితో కాస్త వాదించాల్సి వస్తుంది. వాదించండి. అడుగున పోసిన వదులు మట్టీ ఎరువూ రెండు వానలకి కుంగిపోతాయి, వాటితో పాటు మొక్కా దిగిపోతుంది. ఆర్నెల్లకి మొదలు నేలకన్నా నాలుగైదు అంగుళాలు లోతులో ఉంటుంది. అక్కడ నీరు నిలుస్తుంది, బెరడు కుళ్లుతుంది.

గొయ్యి లోతు మట్టిగడ్డ ఎత్తుకి సరిపోవాలి, అంతకు మించొద్దు. వెడల్పు మాత్రం గడ్డకి మూడింతలు ఉండాలి. గడ్డ అడుగు వెడల్పుంటే గొయ్యి మూడడుగులు. గొయ్యి గోడలు నున్నగా ఉండకూడదు. తడి రేగడిలో పారతో తవ్వితే గోడ పూత పూసినట్టు గట్టిపడుతుంది, లేత వేరు దాన్ని పొడవలేక లోపలే గుండ్రంగా తిరుగుతుంది. గునపంతో చుట్టూ పొడిచి గోడని గరుకు చేయండి.

మొరం నేలలో చిన్న మినహాయింపు ఉంది. గొయ్యి అడుగున గునపంతో అక్కడక్కడా పొడిచి పగలగొట్టొచ్చు. కానీ మొక్క కూర్చునే నడిమధ్య భాగాన్ని కాలితో గట్టిగా తొక్కి ఆ తర్వాతే పెట్టండి.

5. సంచి తీసి, అసలు మొదలు వెతికి, వేళ్లు సరిచేయండి

మొత్తం పనిలో ఇదే ముఖ్యం. ఇక్కడ పావుగంట ఓపిక పట్టండి.

సంచిని బ్లేడుతో నిలువునా చీల్చి పూర్తిగా తీసేయండి. "అడుగు కోసేశాం, చాలు" అంటారు. చాలదు. ప్లాస్టిక్ సంచి నేలలో చివకదు. గోనె పట్టా అయితే చివుకుతుంది గానీ, చాలాసార్లు దాన్ని కట్టిన తాడు నైలాన్‌ది. కాండానికి చుట్టిన తాడునీ, రకం పేరు రాసిన చీటీ తీగనీ కూడా కత్తిరించండి.

ఇప్పుడు గడ్డ పైమట్టిని వేళ్లతో మెల్లగా తొలగించండి. కాండం కిందికి వచ్చేసరికి కాస్త వెడల్పై, పక్కవేళ్లుగా చీలే చోటు ఒకటి కనిపిస్తుంది. అదే అసలు మొదలు. నర్సరీలో ఒక సంచి నుంచి ఇంకో సంచికి మార్చినప్పుడల్లా పైన మట్టి పోస్తారు కాబట్టి, ఈ చోటు గడ్డ పైభాగానికి రెండు మూడు అంగుళాల కింద దాక్కుని ఉండటం మామూలే. దొరికేదాకా మట్టి తీయండి. దారిలో కాండం నుంచి వచ్చిన సన్నటి వేళ్లు అడ్డొస్తే కత్తిరించేయొచ్చు.

తర్వాత గడ్డ పక్కలు. సంచి అంచు వెంబడి గుండ్రంగా తిరిగిన వేళ్లని వదిలేస్తే అవి నేలలో కూడా అలాగే తిరుగుతాయి, ఏటేటా లావెక్కుతాయి. ఐదారేళ్లకి కాండమూ లావై రెండూ ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి. చెట్టు తన వేరుతోనే తన గొంతు బిగించుకుంటుంది. ఏం చేయాలంటే:

- సన్నటి వేళ్లు కొద్దిగానే తిరిగి ఉంటే, చేత్తో విడదీసి బయటికి చాపండి.
- పీచులా పూర్తిగా అల్లుకుపోయి ఉంటే, రంపంతో గడ్డ చుట్టూ ఒక అంగుళం, అడుగున ఒక అంగుళం మందాన చెక్కేయండి. చూడటానికి భయంగా ఉంటుంది. కోసిన ప్రతి చోట నుంచీ కొత్త వేళ్లు బయటికి తిన్నగా వస్తాయి.
- పెన్సిల్ కన్నా లావుగా ఉన్న వేరు కాండాన్ని చుట్టుకుని ఉంటే, అది వంపు తిరగడం మొదలైన చోటికి ముందే సికేచర్‌తో ఒక్క కోత వేయండి.
- సగానికి మించి లావు వేళ్లు కోయాల్సి వస్తోందంటే ఆ మొక్కని వెనక్కిచ్చేయండి.

బంకమట్టి గడ్డ అయితే పైపుతో మెల్లగా నీళ్లు పట్టి, చుట్టూ అంగుళంన్నర దాకా బంకమట్టి కడిగేయండి. వేళ్ల కొసలు బయటికి కనపడాలి. అవి మీ నేల మట్టిని నేరుగా తాకితేనే ఆ నీటిని అందుకుంటాయి. ఈ పని నీడలో, సాయంత్రం పూట చేయండి. వేళ్లు ఎండకీ గాలికీ పావుగంట ఆరితే పీచువేళ్లు చచ్చిపోతాయి. పని ఆగితే తడి గోనె కప్పండి. మే నెల ఎండలో మాత్రం గడ్డని కడగడం, చెక్కడం వద్దు. జూన్ నెలాఖరు నుంచి ఆగస్టు దాకా మంచి అదను.

రేల మొక్క విషయంలో ఒక జాగ్రత్త. దానికి తల్లివేరు బలంగా వస్తుంది, పెద్దయ్యాక కదిపితే త్వరగా కోలుకోదు. రెండు మూడడుగుల మొక్క తెచ్చుకుని, వేళ్లని కనీసంగానే ముట్టుకోండి.

6. నిలబెట్టి పూడ్చండి

మొక్కని గొయ్యిలో పెట్టి, గొయ్యి మీద కర్ర అడ్డంగా పడేయండి. మొదలు విచ్చుకునే చోటు ఆ కర్రకి సమానంగా గానీ, అంగుళం పైకి గానీ ఉండాలి. కిందికి ఉంటే మొక్క ఎత్తి, అడుగున మట్టి వేసి తొక్కి, మళ్లీ పెట్టండి. రేగడిలో అయితే రెండంగుళాలు పైకి ఉంచండి.

పూడ్చడానికి తవ్విన మట్టే వాడండి. చెరువు మట్టో, కొన్న ఎర్రమట్టో, ఎరువో గొయ్యంతా నింపితే వేళ్లకి ఆ గొయ్యే ఇల్లవుతుంది, బయటి నేల జోలికి పోవు. మరీ నిస్సారమైన ఇసుక నేలో మొరమో అయితే నాలుగో వంతు వరకూ చెరువు మట్టి కలపొచ్చు. పచ్చి పేడ మాత్రం వేయకండి. చెదలకీ వేరుపురుగుకీ అది పిలుపు. మాగిన ఎరువుని కూడా గోతిలో కాకుండా, పూడ్చాక పైన పల్చగా పరిస్తే సరిపోతుంది. చెదల బెడద ఉన్న నేలైతే రెండు గుప్పిళ్ల వేపపిండి పై మట్టిలో కలపండి.

సగం పూడ్చాక నీళ్లు పోసి, మట్టి సర్దుకోనిచ్చి, మిగతాది పూడ్చండి. గాలి సందులు పోవడానికి నీళ్లు చాలు, కాళ్లతో ఎగిరి తొక్కొద్దు.

7. కర్ర కట్టడం

తనంతట తాను నిలబడే మొక్కకి కర్ర అక్కర్లేదు. గాలి ఎక్కువుండే చోటైతే గడ్డకి బయట రెండు వైపులా కర్రలు పాతి, కాండాన్ని మూడో వంతు ఎత్తులో ట్యూబు ముక్కతో ఎనిమిది అంకెలా వదులుగా కట్టండి. కాండం కొద్దిగా ఊగాలి. ఆ ఊపుకే మొదలు లావెక్కుతుంది, వేళ్లు గట్టిపడతాయి. ఏడాదికి తీసేయండి. ఇనుప ట్రీగార్డు పెడితే దానికీ ఇదే నియమం. కాండంలోకి దిగిపోయిన ట్రీగార్డులు మన రోడ్ల పక్కన ఎన్ని ఉన్నాయో చూస్తూనే ఉంటారు.

8. నీళ్లు: పాదుని బయటికి జరుపుతూ పోండి

వేళ్లు నీటిని వాసన పట్టి వెతుక్కుంటూ పోవు. తడీ గాలీ ఉన్న మట్టి తగిలిన చోట పెరుగుతాయి, లేని చోట ఆగుతాయి. మీరు రోజూ కాండం మొదట్లోనే చెంబెడు పోస్తుంటే వేళ్లు అక్కడే ఉండిపోతాయి. గాలివానకి పడిపోయే చెట్లలో చాలావాటి కథ ఇదే.

ఐదడుగుల మొక్కకి వాన లేని రోజుల్లో సుమారుగా ఇలా:

- మొదటి రెండు వారాలు: రోజూ 10 నుంచి 15 లీటర్లు, సరిగ్గా గడ్డ మీద.
- తర్వాత రెండు నెలలు: రోజు విడిచి రోజు, 20 లీటర్లు. పాదు గొయ్యి అంచు దాకా.
- ఆపైన ఏడాది నిండేదాకా: వారానికి రెండుసార్లు, 30, 40 లీటర్లు. మూడు నెలలకోసారి పాదుని అడుగు చొప్పున బయటికి జరపండి.
- రెండో ఏడాది: వారానికోసారి, వేసవిలో రెండుసార్లు. మొదట్లో పోయడం మానేసి, కొమ్మల నీడ అంచున పోయండి.

రేగడిలో ఈ లెక్క సగానికి తగ్గించండి, కోస్తా ఇసుకలో కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు ఇవ్వండి. అనుమానమొస్తే సన్నటి ఇనుప చువ్వ గుచ్చండి. అడుగు దాకా సులువుగా దిగితే తడి ఉన్నట్టే. పైన తడి, నాలుగు అంగుళాల కింద పొడి అంటే మీరు తక్కువ నీళ్లు ఎక్కువసార్లు పోస్తున్నారు.

డ్రిప్ పెట్టుకున్నవాళ్లు రెండు డ్రిప్పర్లు కాండానికి ఆనించి వదిలేయడం చూస్తుంటాను. మొదటి నెల తర్వాత వాటిని జరపండి. నాలుగు దిక్కులా నాలుగు ఉండాలి. ఒక్క వైపే నీరు అందితే వేళ్లూ ఆ ఒక్క వైపే.

9. పైన కప్పు

పాదంతా మూడు అంగుళాల మందాన ఎండుటాకులు పరవండి. కాండానికి నాలుగు వేళ్ల దూరం ఖాళీ వదలండి. అంతే.

సరిగ్గా జరిగిందా? ఇలా చూసుకోండి

పదిహేను రోజులకి, లేదా రెండు పెద్ద వానల తర్వాత: మొదలు ఇంకా కనిపిస్తోందా? మట్టి కుంగి మొక్క దిగిపోతే ఆలస్యం చేయకుండా గడ్డతో సహా లేపి మట్టం సరిచేయండి. ఇప్పుడు సులువు, ఆర్నెల్లకి కాదు.

మూడు నెలలకి: కాండాన్ని నడుము ఎత్తులో పట్టుకుని మెల్లగా తోయండి. కాండం వంగి, మొదట్లో మట్టి కదలకపోతే వేళ్లు పట్టాయి. మొదట్లో మట్టి పగిలి సందు కనిపిస్తే ఇంకా పట్టలేదు.

ఏడాదికి: పాత గొయ్యి అంచుకి అరడుగు అవతల, బొరిగెతో ఆరంగుళాల లోతు చిన్న గుంట తీయండి. తెల్లగానో లేత గోధుమ రంగులోనో తాజా వేళ్లు తగిలితే మీ చెట్టు గడప దాటింది. నాలుగు దిక్కులా చూడండి. రెండు వైపులే కనిపిస్తే మిగతా రెండు వైపులా నేల గట్టిగా ఉందో, నీరు అందడం లేదో తేల్చుకోండి. నల్లగా, మెత్తగా, దుర్వాసనతో ఉంటే నీళ్లు ఎక్కువయ్యాయి.

మొదటి ఏడాది పైన పెద్దగా ఎదుగుదల కనపడకపోతే కంగారుపడి ఎరువు వేయొద్దు. మొక్క కింద పని చేసుకుంటోంది. రెండో వానాకాలం చిగుళ్లు కూడా మొదటి ఏడాది అంత పొట్టిగానే వస్తే అప్పుడు అనుమానించాలి.

ఇప్పటికే పెట్టేసిన చెట్టైతే

మొదలు చూడండి. నేల దగ్గర కాండం వెడల్పవకుండా కరెంటు స్తంభంలా తిన్నగా మట్టిలోకి దిగిపోతుంటే లోతుగా నాటారు, లేదా తర్వాత మట్టి పోశారు. ఒక్క వైపు మాత్రమే చదునుగా ఉంటే ఆ వైపు ఏదో ఒక వేరు చుట్టుకుని ఉండొచ్చు. బొరిగెతో, నీళ్లతో మెల్లగా మట్టి తీస్తూ అసలు మొదలు దాకా రండి. గునపం వద్దు, బెరడు చిట్లుతుంది. తీసిన మట్టిని దూరంగా వేయండి, నీరు నిలవకుండా గుంట అంచులు ఏటవాలుగా చేయండి. కాండాన్ని నొక్కుతున్న వేరు కనిపిస్తే, వేలి మందం లోపు దాన్ని వానాకాలం మొదట్లో కోసేయొచ్చు. మణికట్టు మందం ఉంటే ఒకేసారి తెంచకుండా తెలిసినవాళ్లకి చూపించండి, చెట్టు నిలబడింది దాని మీదే కావచ్చు.

చెట్టు చుట్టూ అందంగా అరుగు కట్టి, లోపల మట్టి నింపి, పూలమొక్కలు పెట్టడం ఇంకో అలవాటు. నాటినప్పుడు లోతు తప్పితే ఎంత నష్టమో ఇదీ అంతే. అరుగు కూర్చోవడానికి ఉంచుకోండి, లోపలి మట్టి తీసేయండి.

గోడలు, పైపులు, టైల్స్

వేరు గోడని గుద్ది పగలగొట్టదు. గోడకి ఆనుకుని ఉన్న మొదలూ, లావు వేళ్లూ ఏటేటా మందం పెరిగి, పునాది తక్కువున్న ప్రహరీని మెల్లగా ఎత్తుతాయి. పైన చెప్పిన దూరాలు అందుకే. నల్లరేగడిలో ఇంకో బాధ ఉంది. వేసవిలో చెట్టు నీరు పీల్చేకొద్దీ మట్టి కుంచించుకుపోతుంది, వానకి మళ్లీ ఉబ్బుతుంది. వేరు తగలకుండానే గోడ బీటలివ్వొచ్చు.

దూరం చాలకపోతే గోడ వెంబడి రెండడుగుల లోతు కందకం తీసి, మందపాటి హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) షీటు నిలువుగా దించండి. పది అడుగుల పొడవు, పై అంచు నేలకి అంగుళం పైకి. ఒక్క గోడ వైపే పెట్టాలి. చుట్టూ పెడితే అది మళ్లీ నర్సరీ సంచే అవుతుంది. కడప బండలు నిలువుగా పాతి అదే పని చేయిస్తారు కొందరు. అతుకుల్లోంచి వేరు దూరుతుంది కాబట్టి నాకు షీటే నయమనిపిస్తుంది. ఏది పెట్టినా అది కొన్నేళ్లు వాయిదా వేస్తుందే తప్ప, గోడకి రెండడుగుల్లో తురాయి పెట్టుకోవడానికి లైసెన్సు కాదు.

పైపుల సంగతి. బిగుతుగా ఉన్న పైపులోకి వేరు పోదు. కారుతున్న అతుకు దగ్గర తడికి పెరిగి లోపలికి దూరుతుంది. పాత సిమెంటు అతుకుల పైపు ఉంటే చెట్టు పెట్టేలోపే ఆ ముక్క పీవీసీకి మార్పించండి.

టైల్స్ కాండం దాకా వేయించవద్దు. 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయమని ఆదేశించింది. ఇంట్లో కూడా కనీసం ఆ మీటరు వదలండి. అవతల కూడా సిమెంటు బెడ్డు లేకుండా, ఇసుక మీద పేవర్ బ్లాకులు పరిపిస్తే నీరూ గాలీ దిగుతాయి.

కేబులుకో డ్రైనేజీకో తవ్వేటప్పుడు వేళ్లు కోయక తప్పకపోతే, గుండె ఎత్తులో కాండం అడ్డు కొలత తీసుకోండి. దానికి మూడింతల దూరం లోపల ఒక్క వేరు కూడా ముట్టుకోవద్దు. ఐదింతలు దాటి కోస్తే మేలు, అదీ ఒక్క పక్కే. అడుగు అడ్డం ఉన్న చెట్టుకి మూడడుగుల లోపల కోస్తే అది ఏ గాలికి పడుతుందో చెప్పలేం. కోస్తాలో ఉన్నవాళ్లు అక్టోబరు, నవంబరు తుపాన్ల ముందు ఈ పని పెట్టుకోకండి. వీలైతే వేళ్ల కింద నుంచి సొరంగంలా తవ్వి పైపు దూర్పించమనండి. కూలీ ఎక్కువ అడుగుతారు, ఇచ్చేయండి. చెట్టుని తీసేయడమే దారి అనుకుంటే, గొడ్డలి పట్టే ముందు అనుమతి తీసుకోండి. సొంత స్థలంలో ఉన్న చెట్టైనా రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం వర్తిస్తుంది.